జెనీవా వారికి ఒక డ్రిల్లు మాస్టారి అర్జీ

మహారాజశ్రీ ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ వారి దివ్యసముఖానికి, విజయనగరం నుంచి ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు నమస్కరించి రాసుకొనే అర్జీ.

అయ్యా,

మా జిల్లాలో సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అక్కడే ఇచ్చుకుందును. కానీ నా అర్జీ ఏ శాఖకి పోవాలో నాకే తేలలేదు. పిల్ల తిండి శిశు సంక్షేమానిది, టీకా వైద్యానిది, పలక బలపం విద్యాశాఖది. ఐదేళ్ళలోపు పిల్ల పరుగు మాత్రం ఎవరిదీ కాదు. దాన్ని మీరు కాగితం మీద పెట్టారు కనక మీకే రాస్తున్నాను.

2019 ఏప్రిల్‌లో మీరు వేసిన నియమావళి చదివాను. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి 180 నిమిషాలు కదలాలి, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలి. తెర ముందు కూర్చునేది గంట దాటకూడదు. ఏడాది పిల్లకి తెరే వద్దు. కుర్చీలోనో తోపుడుబండిలోనో వీపుమీదో కట్టి, ఒక్క బిగిన గంటకి మించి ఉంచకూడదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఇది మా వీధి ఆడవాళ్ళకి చదివి వినిపిస్తే, "మూడు గంటలేటి బావూ, ఆ మూడు గంటలూ గుంటడు కూకునే మందేదైనా ఉంటే సెప్పండి" అని ఉందురు. ఇప్పుడా మందు ప్రతి ఇంట్లోనూ ఉంది, చార్జింగు పెడితే చాలు.

మా ఒక్కళ్ళ గొడవే కాదని తెలుసు. 33 దేశాల్లో మూడు నాలుగేళ్ళ పిల్లల్ని కొలిచి చూస్తే కదలిక, తెర, నిద్ర మూడూ మీరు చెప్పినట్టు ఉన్నవాళ్ళు నూటికి 14 మందే తేలారట. కొలవడానికి పిల్లల నడుముకి చిన్న యంత్రం కడతారని విన్నాను. మా వైపు వస్తే బెల్టు ఖర్చు మిగుల్తుంది, మొలతాడు ముందే ఉంది.

కానీ కొలిచేముందు రెండు చోట్ల మీ లెక్క నాకు అర్థం కాలేదు. సీతంపేట మన్యంలో సవర తల్లి బిడ్డని గుడ్డతో ఒంటికి కట్టుకుని కొండ దిగి సంతకి వస్తుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఆ బిడ్డ మీ పద్దులో కట్టేసిన బిడ్డే. గంట దాటింది కనక తప్పు. మరి కిందకి దించి ఆమె ఎక్కడ నిలబడాలి? రెండోది, తండ్రి. ఎచ్చెర్ల, గార తీరంలోని మత్స్యకారులు నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ పడవల మీద ఉంటారు. 2018లో సరిహద్దు దాటారని మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళని పాకిస్తాన్ పట్టుకుంటే, 2020 జనవరిలో గానీ వాళ్ళు ఇంటి ముఖం చూడలేదు. వేటలో లేనివాళ్ళు హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టుబడి పనుల్లో ఉంటారు. ఇక్కడ మూడేళ్ళ పిల్లకి నాన్న అంటే రాత్రి ఎనిమిదింటికి వెలిగే తెర. ఆ గంటలోంచి నాన్నని కొయ్యాలా? అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లోనే, పసిపిల్లలకి తెర వద్దంటూ వీడియో కాలుకి మినహాయింపు ఇచ్చింది. మీరూ ఒక వాక్యం రాసి ఉంటే మా మామ్మలకి భయం తగ్గేది.

ఇంతకీ అసలు ముద్దాయి ఫోను కాదని నా అనుమానం.

మీరు పాకని పసిపిల్లని రోజుకి అరగంట బోర్లా పడుకోబెట్టమన్నారు. మాకది కొత్త కాదు. బోర్లాపడితే బొబ్బట్లు చేసి పంచుతాం, అడుగులేస్తే అరిసెలు. బిడ్డ ఒక్కో కదలికకీ పొయ్యి వెలిగించే జాతి మాది. అయితే ఆ పొయ్యి అరిసెలతోనే ఆరిపోతుంది. ఆ తర్వాత బిడ్డకి జరిగే పెద్ద వేడుక అక్షరాభ్యాసం. అది ఒళ్ళో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, బియ్యంలో రాయించేది. చెట్టెక్కినందుకు గారెలు వండిన తల్లిని నేను చూడలేదు, గోడ దూకినందుకు వీపు చిట్లింది మాత్రం చాలా చూశాను. చుట్టాలొస్తే మేమిచ్చే అతి గొప్ప కితాబు, "మావోడు బుద్ధిమంతుడండీ, ఎక్కడ కూకోబెడితే అక్కడే" అని. కదలనివాడు బుద్ధిమంతుడు, కదిలేవాడు అల్లరివాడు. డ్రిల్లు పీరియడులో కూడా నన్ను హెడ్మాస్టర్లు మెచ్చుకున్నది పిల్లలు పరిగెత్తినందుకు కాదు, వరస చెదరకుండా నిలబడ్డందుకు. బెత్తం, బూచాడు, పోలీసు కలిసి అరకొరగా చేస్తూ వచ్చిన పనిని ఫోను ఒక్కటే, ఏడుపు లేకుండా, పూర్తిచేసింది. మెచ్చుకోక ఏం చేస్తాం?

అన్నం సంగతీ అంతే. మామ్మ గిన్నె పట్టుకుని బయల్దేరితే ముద్ద ముద్దకీ ఒక మజిలీ ఉండేది. కోడి దగ్గర ఒకటి, పక్కింటి దూడ దగ్గర ఒకటి, పిల్ల ముందు పరిగెడితే మామ్మ వెనక. మీ 60 నిమిషాలూ ఆ పెరుగన్నంలోనే అయిపోయేవి. అప్పుడు వీధి మట్టిది, బండి మెల్లగా వచ్చేది, పిల్ల వేగంగా పోయేది. సిమెంటు రోడ్డు పడ్డాక అది తిరగబడింది. గడప దాటనివ్వని తల్లిని నేను తప్పుపట్టను. పలాసలో జీడిపప్పు పనికి పోయే తల్లికైతే గడప దగ్గర నిలబడే తీరికా లేదు. కొత్త కాలనీల్లో ప్లాట్లు అమ్మేటప్పుడు నక్షాలో పచ్చరంగు పూసి పార్కు అని చూపిస్తారు. అమ్మకం అయ్యాక ఆ పచ్చలో ఏం మొలుస్తుందో కొన్నవాళ్ళని అడగండి.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం, మంచిదే. పిల్లని తూస్తారు, ఎత్తు కొలుస్తారు, గుడ్డు పెడతారు, ఇవన్నీ పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తారు. పాపం ఆ టీచరమ్మకి ఫోనులో నింపాల్సిన గడులు అన్నీ ఇన్నీ కావు. ఆయా వంట దగ్గర. అద్దెకి తీసుకున్న ఒక్క గదిలో పిల్లలు గోడకి ఆనుకుని, టీచరమ్మ ఫోను ముందు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళ పిల్లలు మూడంతస్తుల ఎల్కేజీలో బెంచీ మీద. రెండుచోట్లా కూర్చోవడమే, ఫీజులోనే తేడా.

మా వాళ్ళ ఒంట్లో సత్తువ లేదనుకునేరు. పాత శ్రీకాకుళం జిల్లా వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడు. అంతకుముందు ఈ విజయనగరంలోనే పిల్లలకి వ్యాయామం నేర్పాడు, నా కులవృత్తే. ఆమదాలవలస పక్క ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఈ పేర్లు స్టేడియం శంకుస్థాపనల్లో బాగా పనికొస్తాయి. నాలుగేళ్ళ పిల్లకి స్టేడియంతో పనిలేదు. ఇంటికి కేకవేసేంత దూరంలో ఒక దిబ్బ, ఒక చెట్టు, తిట్టకుండా చూస్తూ కూర్చునే ఒక ముసలి ప్రాణం కావాలి. మూడోదానికి నేను ఖాళీగానే ఉన్నాను.

కాబట్టి తమరు దయచేసి నియమావళిలో పెద్దలకో పేరా చేర్చవలెను. "కదలకు" అన్న ప్రతిసారీ పిల్లకి కారణం చెప్పాలని అందులో ఉండవలెను. అంగన్‌వాడీ తూకం యంత్రం పక్కన నాలుగు గజాల ఖాళీ జాగాని కూడా పోషణగా లెక్కించమని మా ప్రభుత్వాలకి సిఫారసు చెయ్యవలెను. చెట్టెక్కితే గారెలు అనే ఆచారం మేమే మొదలుపెట్టుకుంటాం, అందులో మీ సాయం అక్కర్లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
రిటైర్డు డ్రిల్లు మాస్టారు, విజయనగరం

తా.క.: జవాబు పోస్టులోనే పంపించండి. వాట్సాప్‌లో పెడితే నాకు చేరేసరికి రాత్రవుతుంది. మా ఇంట్లో ఫోను అప్పటిదాకా పెరుగన్నం దగ్గర డ్యూటీలో ఉంటుంది.