తప్పు నాణేనికి ఉల్టా సలహాలు

ముద్రలో తప్పున్న నాణెం దొరికిందని ఎవరైనా వస్తే నేను చెప్పే మొదటి మాట వాళ్లకు నచ్చదు. రూపాయి బిళ్ళయితే దాని వెల రూపాయే అనుకొని మొదలుపెట్టండి. ఆపైన ఒక్క పైసా పెంచాలన్నా టంకశాలలో ఆ తప్పు ఎట్లా జరిగిందో మీరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇచ్చి చాయ్ తాగేయండి.

వెతకడానికి హైదరాబాద్ పోనక్కర్లేదు. బొగ్గుగనిలో ఫస్ట్ షిఫ్టు దిగి చాయ్ తాగే హోటల్ గల్లాపెట్టె చాలు. అందులోనూ సంవత్సరం కింద నక్షత్రం ఉన్నవే ఏరండి. వజ్రం ఆకారం ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. నక్షత్రం మన హైదరాబాద్ టంకశాలది, సైఫాబాద్ నుంచి 1997లో చర్లపల్లికి మారినది. మిగతావి వదిలేస్తే నష్టం కాదా అంటారు. కానివ్వండి. ఒక్క టంకశాల పనిని ఏళ్ల తరబడి చూస్తేనే కన్ను కుదురుతుంది.

దొరికినదాన్ని చింతపండు పెట్టి తోమొద్దు. బొగ్గుపొడి పట్టి నల్లగా ఉంటే నల్లగానే ఉంచండి. తోమితే పైపొర మీద గీతలు పడతాయి, వెల పడిపోతుంది.

నా దగ్గర ఒక రూపాయి ఉంది. అంచు నెలవంకలా కొరికేసినట్టుంటుంది. రేకులోంచి బిళ్ళలు కత్తిరించేటప్పుడు రేకు సరిగ్గా జరగక, అంతకుముందు పడ్డ రంధ్రం మీదికే పంచ్ కొంత దిగితే ఇట్లా అవుతుంది. అది నిజమో, ఎవరైనా ఆకురాయితో అరగదీసిందో తేల్చాలంటే కొరుకుడు చూస్తూ కూర్చోవద్దు, సరిగ్గా దాని ఎదుటి అంచు చూడండి. బిళ్ళకు గట్టు కట్టేటప్పుడు ఇటు పక్క లోహం లేక అటు ఒత్తిడి పడదు, అందుకే చాలావరకు అక్కడ గట్టు పలచబడుతుంది. నా రూపాయి మీద బొటనవేలి గోరు నడిపిస్తే చుట్టూ గట్టుకు తగులుతుంది, అక్కడికి రాగానే జారిపోతుంది. మా దగ్గర లక్ష్మీనగర్‌లో బంగారం తూచే కాటా మీద పెట్టించాను. ఈ 2011 నమూనా రూపాయి 3.79 గ్రాములుండాలి, నాది మూడున్నర తూగింది.

ఒకవైపు బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి గుంటపడిందంటే, ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోయి ఉంటుంది. అది మంచి సరుకు. బొగ్గు రైలు పట్టా మీద పెట్టి చితక్కొట్టినది మాత్రం టంకశాల తప్పు కాదు, పిల్లల ఆట.

ఇక ధర. ఫోన్‌లో కనబడే లక్షలు అడిగిన ధరలు. చేతులు మారిన ధరే వెల. మా కాలనీలో గనిలో టింబర్‌మన్‌గా రిటైరైన ఒకాయన వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి లక్షలిస్తామన్న ఫోన్ నమ్మి, రిజిస్ట్రేషన్ ఫీజని రెండువేలు, మళ్లీ పన్నని ఐదువేలు పంపాడు. అది 2012లో పుణ్యక్షేత్రం బోర్డు పాతికేళ్ల సందర్భంగా తెచ్చిన మామూలు నాణెం, అందులో తప్పే లేదు. నాణెం ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది, డబ్బులు పోయాయి. ఇట్లాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఏ రుసుమూ అడగమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

నాణెం కొనేవాడు మీకు డబ్బివ్వాలి. మిమ్మల్నే డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.