ఫ్రిజ్‌ల వెట్టినం గదా!

బొగ్గు గనిలో సర్దార్ ముందుగా పైకప్పు తట్టి చూస్తాడు. చప్పుడు డొల్లగా వస్తే ఒక్కడిని కూడా దాని కిందికి పోనివ్వడు. గాలిలో మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు ఆపి మనుషుల్ని బయటికి పంపాలి. మందమర్రి కేకే గనుల్లో పనిచేసినవాళ్లకు ఇవి ఒకరు చెప్పాల్సిన సంగతులు కావు. అదే మనిషి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, ఆదివారం వండిన మటన్‌ను శుక్రవారం పొయ్యి మీదికెక్కిస్తూ అంటాడు: "ఏం గాదు, ఫ్రిజ్‌ల వెట్టినం గదా!"

కంపెనీ లాభాల వాటా పడ్డప్పుడు ఇంటికొచ్చిన డబుల్ డోర్ ఫ్రిజ్‌కు పసుపు కుంకుమ పెట్టాం, దండ వేశాం. అప్పుడే అది యంత్రమన్న సంగతి మరిచిపోయాం. చలి క్రిముల్ని చంపదు, వాటి పెరుగుదలను నెమ్మది చేస్తుందంతే. అదీ లోపల 4 డిగ్రీలో అంతకంటే తక్కువో ఉంటేనే. లిస్టీరియా అనే మొండి ఘటం ఆ చలిలో కూడా పెరుగుతుంది. మన ఫ్రిజ్‌లో ఎన్ని డిగ్రీలున్నాయంటే అందరం నాబ్ వైపు చూస్తాం. దాని మీది 3, 5 అంకెలు డిగ్రీలు కావు మహాశయా!

అసలు కథ ఫ్రిజ్‌లోకి పోకముందే మొదలవుతుంది. ఇంట్లో ఒకరిది ఫస్ట్ షిఫ్టు, ఇంకొకరిది సెకండ్ షిఫ్టు, పిల్లలది కాలేజీ. పొద్దున వండిన అన్నం అందరి కోసం గట్టు మీదే కాచుక్కూర్చుంటుంది. వండినది రెండు గంటల్లో, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటలోనే ఫ్రిజ్‌లోకి పోవాలంటారు. మన మే నెలలో 32 అంటే చల్లగాలి కింద లెక్క! అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. గది వేడికి మొలిచి విషం కక్కుతాయి. ఆ విషం పొయ్యికీ లొంగదు, మైక్రోవేవ్‌కీ లొంగదు. "మంచిగ మసలబెడితే అన్నీ చస్తయ్" అనే శాస్త్రవేత్తలు ప్రతి వాడకట్టులో ఉన్నారు. క్రిమి చస్తుంది నాయనా, అది కక్కినది ఉంటుంది.

మరి త్వరగా ఎందుకు పెట్టరు? "వేడిది వెడితే ఫ్రిజ్ ఖరాబైతది." వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి సర్దితే కూర తొందరగా చల్లారుతుంది, కానీ తోమాల్సిన గిన్నెలు రెండు పెరుగుతాయి. అందుకని మిషన్‌ను కాపాడుకుంటాం. కడుపుదేముంది, కంపెనీ దవఖాన ఉండనే ఉంది.

ఒకసారి తలుపు తీసి చూడండి. పై అరలో నల్ల కవర్లో పచ్చి చికెన్. కవరు మూల నుంచి ఎర్రటి నీరు జాలి అంచు మీదికి జారి ఆగింది. దాని కింద మూతలేని పెరుగు గిన్నె. పచ్చి మాంసం కింది అరలో డబ్బాలో ఉండాలన్న మాట మాంసం తెచ్చిన మగమహారాజుకు తట్టదు. ఆయన పని కవరు లోపలికి తోయడంతో అయిపోయింది. కరెంటు పోతే తలుపు ముట్టకుండా ఉంటే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. మనం ఐదు నిమిషాలకోసారి తీసి చెయ్యి పెట్టి చూస్తాం, ఇంకా చల్లగుందా అని!

ఫ్రిజ్ లేని కాలంలో అమ్మమ్మలు ఉప్పును, నూనెను, పులుపును నమ్ముకున్నారు. వాటితో ఏం పని జరుగుతుందో వాళ్లకు తెలుసు. తొక్కు జాడీలో తడి గరిటె పెట్టినవాడి వీపు పగిలేది.

మన దగ్గర మిగిలిన ఏకైక ప్రయోగశాల ముక్కు. మూత తీసి వాసన చూస్తాం, బాగుందంటే తినేస్తాం. జబ్బు చేసే క్రిములకు వాసన రావాలన్న రూలేమీ లేదు. ఆ ముక్కుకే అనుమానమొస్తే పారేస్తామా? పారెయ్యం. మూడో రోజు మన పిల్లలకు పెట్టడానికి చెయ్యిరాని పప్పు, నాలుగో రోజు పొద్దున గిన్నెలు తోమే ఆమె కవర్లో పడేసరికి మళ్లీ తాజాదైపోతుంది. "పాడు గాలే అవ్వా, ఫ్రిజ్‌లనే ఉంది, పిల్లలకు తీస్కపో."