తీరం దాటింది, ఇక పడుకోండి!

వరంగల్‌కు ఉన్న సముద్రాలు రెండు: బాలసముద్రం, రంగసముద్రం. మొదటిది కాలనీ, రెండోది చెరువు. అసలు సముద్రం చూడాలంటే మచిలీపట్నం దాకా పోవాలి, 250 కిలోమీటర్ల పైమాటే. అయినా అక్టోబరు వచ్చిందంటే చాలు, బంగాళాఖాతం మొత్తం హనుమకొండ టీ కొట్ల ముందుకు వచ్చి కూర్చుంటుంది. అండమాన్ పక్కన మబ్బు తునక కదిలితే ఇక్కడ కప్పు సాసర్లు కదులుతాయి. మొన్నటిదాకా క్రికెట్ పిచ్ గురించి చెప్పినవాళ్లే ఇవాళ సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత గురించి చెబుతుంటారు. గొంతు అదే, ధీమా అదే.

ఈ తుఫాను భక్తుడి ఫోన్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. విండీ యాప్ తెరిచే ఉంటుంది. నీలం మీద ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద ఊదా రంగు సుడులు తిరుగుతుంటాయి. అమెరికావాళ్ల జీఎఫ్‌ఎస్ మోడల్ పదహారు రోజుల ముందు దాకా బొమ్మ గీసి ఇస్తుంది, అదీ రోజుకు నాలుగుసార్లు. పదహారు రోజుల తర్వాతి బొమ్మను ఏ వాతావరణ శాస్త్రవేత్తా నమ్మకంగా పట్టుకోడు. మనవాడు మాత్రం వదలడు. పొద్దున బొమ్మలో తుఫాను చెన్నైకి పోతుంది, మధ్యాహ్నానికి నెల్లూరు, సాయంత్రానికి కాకినాడ, అర్ధరాత్రికి ఒడిశా. నాలుగింటినీ గ్రూపులో పెడతాడు. చివరికి ఏదో ఒకటి నిజం కాక తప్పదు కదా! అప్పుడు మిగతా మూడూ మాయమవుతాయి, నాలుగోది మళ్లీ పైకి వస్తుంది. "నేను పది రోజుల కిందనే చెప్పిన గదనే!" అంటాడు. చెప్పిండు, నిజమే. చెప్పనిదేముంది గనుక?

ఈ పాండిత్యానికి పరీక్ష పెట్టేది మాత్రం రైతే. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రోజులవి. తేమ 8 శాతం దాటిన కొద్దీ ధర తగ్గుతుంది, 12 దాటితే సీసీఐ వాళ్లు తీసుకోరు. వడ్లకైతే 17 శాతం. కల్లంలో కుప్ప పోసుకుని టార్పాలిన్ చేతబట్టుకున్న మనిషి ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: "తమ్మీ, రేపు వడ్లు ఆరబొయ్యాల్నా, వద్దా?" మన మేధావి గొంతు సవరించుకుంటాడు. "కాకా, యూరోపియన్ మోడల్ ప్రకారం వర్టికల్ విండ్ షియర్ తక్కువున్నది, కానీ పొడిగాలి చొచ్చుకొస్తున్నది..." అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. కాక టార్పాలిన్ కప్పేశాడు. ఆయన మోడల్ అది.

ఇక 2025 అక్టోబరు 28, మంగళవారం రాత్రి. మొంథా తీవ్ర తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటుతోంది. వరంగల్‌లో జాగారం. ఇంకా నలభై కిలోమీటర్లు, ఇంకా ఇరవై. టీవీల్లో తాటిచెట్లు ఊగుతున్నాయి, రెయిన్‌కోటు విలేకరి ఊగుతున్నాడు. అర్ధరాత్రి వేళకు కబురు వచ్చింది: తీరం దాటింది! గ్రూపుల నిండా దండం బొమ్మలు. "బలహీనపడుతుందట. ఇక ఏం లేదు, పండుకోండ్రి." అందరూ ఫోన్లు చార్జింగ్‌కు పెట్టి, పెద్ద పని అయిపోయినట్టు దుప్పటి కప్పుకున్నారు.

మనకు కథ మొదలైంది అప్పుడే. బుధవారం ఉమ్మడి వరంగల్ జిల్లా మీద వాన కుమ్మరించింది. 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. అంతకు పైన వాళ్ల దగ్గర ఇంకో గడి లేదు. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 కూడా దాటింది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు మునిగి రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. హనుమకొండ సమ్మయ్యనగర్‌లో, హంటర్ రోడ్డు పక్క కాలనీల్లో నీళ్లు గడప దాటి, మంచం దాటి, కిటికీ దాకా వచ్చాయి. నరసాపురంలో తుఫాను ఏ నిమిషాన తీరం దాటిందో చెప్పగలిగిన వాళ్లకు సొంత బైకు ఏ నిమిషాన మునిగిందో తెలియదు. నిద్రలో ఉన్నారు.

తప్పు నిద్రది కాదు, కొలబద్దది. వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను అని మెట్లు కట్టేది ఒక్క గాలి వేగాన్ని బట్టే. గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుఫాను, 89 అందుకుంటే తీవ్ర తుఫాను. ఈ లెక్కలో ఎక్కడా ఒక్క చుక్క వాన లేదు. నేల మీదికి రాగానే వెచ్చని సముద్రపు నీటి ఆసరా తెగిపోతుంది, గాలి నీరసిస్తుంది, హోదా దిగిపోతుంది. అయితే సముద్రం నుంచి మోసుకొచ్చిన తేమను తుఫాను టోల్‌గేటు దగ్గర అప్పజెప్పి రాదు కదా! నెమ్మదిగా కదులుతూ, దారిలో దొరికిన ఊరి నెత్తిన గుమ్మరించి పోతుంది. తీరంలో వాళ్లకు గాలి గండం, మనకు నీళ్ల గండం. మనం మాత్రం వాళ్ల గండాన్ని చూసి, మన గండం రాకముందే టీవీ కట్టేస్తాం.

తుఫాను కాని వానకైతే ఆ మర్యాద కూడా లేదు. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్లు పడింది. తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ వానకు పేరు లేదు, కన్ను లేదు, గుండ్రంగా తిరిగే బొమ్మ లేదు. అందుకే అభిమాన సంఘం కూడా లేదు.

ఫోన్ వదిలి బయటికి వచ్చే శాఖ ఇంకొకటి ఉంది. వీళ్లు ప్రకృతి ప్రేమికులు. రెడ్ అలర్ట్ అంటే వీళ్ల లెక్కలో సినిమా రిలీజు. పాకాల మత్తడి దూకుతుందా, లక్నవరం నిండిందా, బొగత జలపాతం ఎట్లా దుంకుతున్నది? లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే అడ్డంగా కట్టిన ముళ్లకంపను మెల్లగా పక్కకు జరుపుతారు. "జర ఆగన్నా, ఒక్క రీల్." ఆ లక్ష్మీదేవిపేట వానల్లోనే ములుగు అడవుల్లో ముత్యంధార జలపాతం చూడబోయిన పదుల మంది, వాగు పొంగి రాత్రివేళ అడవిలో చిక్కుకున్నారు. వాళ్లను బయటికి తేవడానికి ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది పోవాల్సి వచ్చింది. ఊళ్లు మునుగుతున్న రోజున సహాయక దళానికి మనం ఇచ్చిన అదనపు డ్యూటీ అది.

ఇదంతా వాతావరణ శాస్త్రం మీద కోపం అనుకునేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పది వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. ఇవాళ అదే తీరం మీదికి తుఫాను వస్తుంటే రెండు మూడు రోజుల ముందే ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. రాడార్లు, ఉపగ్రహాలు సాధించిన ఆ పనికి చేతులెత్తి మొక్కాలి. కానీ శాస్త్రం హెచ్చరిక ఇస్తుంటే మనం దాన్ని వినోదంగా తింటున్నాం. రాష్ట్ర ప్రణాళికా సంస్థ టీజీడీపీఎస్ పెట్టిన వాన కొలిచే యంత్రాలు మండలాల వారీగా ఏ గంటకు ఎంత వాన పడిందో చెబుతూనే ఉంటాయి. అది చూసేవాడేడీ? మన వీధి నీళ్లు ఏ కాల్వలో పడతాయి, ఆ కాల్వ మీద ఎవరి ప్రహరీగోడ లేచింది, ఎగువ చెరువు నిండితే దిగువన మొదట మునిగే గడప ఎవరిది? కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన గడ్డ మీద ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగల తుఫాను నిపుణుడు దొరికితే శాలువా కప్పొచ్చు. నాలాను ఆక్రమించినాయనే నాలా పొంగుతున్న వీడియో ఫార్వర్డ్ చేసి, "మున్సిపాలిటీ నిద్రపోతున్నదా?" అని అడుగుతాడు. ఆ మెసేజీకి లైకులు కొట్టేది ఆ నాలా మీదే షెడ్డు వేసిన పక్కింటాయన.

కనుక ఒక మనవి. మనవాళ్ల చూపు తుఫానుల మీంచి తిప్పలేం గానీ, తుఫాను హంగులన్నీ నాలాలకు ఇవ్వొచ్చు. ప్రతి నాలాకు ఒక కేటగిరీ, ఒక రంగు, యాప్‌లో ఎర్రబాణం పెడదాం. "మరో మూడు గంటల్లో సమ్మయ్యనగర్ తీరం దాటనున్న నాలా" అని లైవ్ నడుపుదాం. రెయిన్‌కోటు విలేకరిని నాలా గట్టున నిలబెడదాం, ఊగడానికి గాలి లేకపోతే ఎవరైనా పట్టుకుని ఊపుతారు. పేర్లకు కూడా కరువు లేదు. 2020లో పదమూడు దేశాలు కూర్చుని తుఫానుల కోసం 169 పేర్లు రాసిపెట్టాయి, మొంథా అందులో థాయిలాండ్ ఇచ్చింది. మన బొందివాగు నాలాకు పేరు పెట్టింది మన తాతలే. విదేశీ పేరు కాదు కాబట్టే కాబోలు, దాన్ని ఇంకా ఎవరూ ఫాలో కావట్లేదు.