ధర పడిపోయిన రోజునే కోలారు మార్కెట్టుకు వెళ్లండి

సముద్రం పక్కనున్న ఊళ్లలో తెల్లవారుజామున చూడాల్సింది చేపల రేవు. విశాఖ వెళ్తే ఫిషింగ్ హార్బరుకు పొమ్మంటారు. కర్ణాటకలోని కోలారు జిల్లాకు సముద్రం లేదు, ఏడాది పొడుగునా పారే నదీ లేదు. ఇక్కడ చీకటితో లేచి చూడాల్సింది కోలారు ఏపీఎంసీ యార్డులోని టమాటా మార్కెట్టు. ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఇదొకటి. అక్కడికి వెళ్లేవాళ్లకు ఎవరైనా చెప్పే మాటలు ఇవే: రేటు బాగున్నప్పుడు వెళ్లు, సంచి తీసుకెళ్లు, ఎర్రటి కాయ ఏరుకో, వేలం అయ్యాక వచ్చెయ్. నా సలహా ప్రతి దానికీ ఎదురే. తలకిందులుగా ఉందనిపించినా వినండి.

రేటు పడిపోయిన వారం చూసి బయల్దేరండి. 2023 జూలైలో పదిహేను కిలోల బాక్సు రెండు వేలు దాటినప్పుడు కెమెరాలన్నీ కోలారులోనే ఉన్నాయి. రెండు నెలలు తిరక్కుండానే ధర నేలకు దిగింది, కెమెరాలు వెళ్లిపోయాయి. ధర ఎక్కువున్నప్పుడు బాక్సు దించీ దించకముందే అమ్ముడుపోతుంది, రైతు డబ్బు లెక్కపెట్టుకుని బండెక్కుతాడు. మీకు కనిపించేది హడావిడే. పడిపోయిన రోజున మనిషి తన సరుకు పక్కనే నిలబడి ఉంటాడు. బాక్సు అరవై రూపాయలకు పోయిందంటే కిలోకు నాలుగు రూపాయలు. అందులోంచి కాయ కోసిన కూలీ పోవాలి, టెంపో బాడుగ పోవాలి, దించిన హమాలీకి ఇవ్వాలి. వెయ్యి అడుగులు దాటిన బోరు, డ్రిప్పు పైపులు, మల్చింగు షీటు, మొక్కకు కట్టిన కర్ర, పురికొస, వీటి లెక్క ఇంకా మొదలే కాలేదు. రేపటి కోతకు కూలీలను పిలవాలా, కాయను చెట్టు మీదే వదిలేసి మేకల్ని తోలాలా అన్నది ఆయన తేల్చుకునేది అక్కడే, ఆ పొద్దున్నే. మార్కెట్టు ఎలా నడుస్తుందో తెలియాలంటే ఆ పొద్దు చూసి తీరాలి.

నమ్ముకున్నది చేజారితే ఏమవుతుందో కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) నుంచి వచ్చేవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక ఎంతమంది మారికుప్పంలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారో వాళ్లకు తెలుసు. కేజీఎఫ్ నుంచి కోలారు ముప్పై కిలోమీటర్లే.

సంచి వద్దు. అక్కడ సరుకు లాటు లెక్కన పోతుంది. రెండు కిలోలకు బేరమాడే మనిషి బాక్సులు మోసే దారికి అడ్డం. కొనే తీరాలనిపిస్తే నలుగురు కలిసి ఒక బాక్సు పూర్తిగా కొని ఇంటికొచ్చి పంచుకోండి, వేలంలో పలికిన ధరే ఇవ్వండి. కిలో నాలుగు రూపాయలున్న రోజున ఇంకా తగ్గించమని అడగడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఎర్రటి కాయ వెంట పడకండి. దోరగా, ముచ్చిక దగ్గర ఇంకా పచ్చదనం ఉన్న కాయ చేతిలోకి తీసుకుని చూడండి. నొక్కితే గట్టిగా ఉంటుంది, తోలు మీద చీలిక ఉండదు. ఉత్తరాదికి పోయే లారీలో రోజుల తరబడి ప్రయాణం తట్టుకునేది అదే. పూర్తిగా పండింది బెంగళూరు, చెన్నై లాంటి దగ్గరి ఊళ్లకే. బాక్సు పైవరసను నమ్మకండి. కొనేవాళ్లు చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు కాయ తీసి చూస్తారు, ఆ చెయ్యిని గమనించండి. వానలు పడ్డ వారమైతే చీలిన కాయ అక్కడే బయటపడుతుంది, ఆ లాటు ధర అక్కడే పడిపోతుంది.

వేలం పాడేవాడి నోట కన్నడం, తెలుగు, హిందీ కలిసిపోయి వస్తాయి. మొదట్లో ఒక్క అంకె అందదు. ఒకే మండీ (కమీషను దుకాణం) ముందు నిలబడితే కాసేపటికి అందుతుంది. అందరూ చేసేలా యార్డంతా తిరిగితే ఏమీ మిగలదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది వేలం అయ్యాకే ఉంది, అందుకే తొందరపడి రాకండి. టీ కొట్టు దగ్గర సరుకు అమ్ముకున్న పెద్దాయన ఎవరైనా ఖాళీగా కనిపిస్తే పలకరించండి. ‘అన్నా, ఈ రోజు పట్టీ ఒకసారి చూపిస్తావా?’ అని మర్యాదగా అడగండి. ఎన్ని బాక్సులు, ఏ ధర, ఏం కోశారు, చేతికెంత వచ్చిందన్నది ఆ చిన్న కాగితం మీద ఉంటుంది. కర్ణాటకలో ఏపీఎంసీ నిబంధనల ప్రకారం కమీషను కొనేవాళ్లే భరించాలి, రైతు దగ్గర వసూలు చేయకూడదు. రైతు సంఘాలు అడుగుతున్నదీ ఇదే. పట్టీలో కోతల వరస ఒక్కొక్కటీ చదవండి. కమీషను పేరుతోనో మరో పేరుతోనో నూటికి ఇంత అని తీసేసి ఉంటే, అది దేనికని ఆయన్నే అడగండి. చెప్పేదాకా పక్కనే కూర్చోండి.