ఎర్రగుంట్ల పెండ్లి ఫోటోల వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: “మనోళ్ల పెండ్లి ఫోటోలన్నీ యాడన్నా ఊరికే పెట్టి, అందరికీ లింకు పంపబ్బీ.”

అవతారిక: కడప జిల్లా ఎర్రగుంట్లలో పెండ్లి జరిగిన ఇంట, ఫోటోగ్రాఫరు పెన్‌డ్రైవు చేతికిచ్చిన నాడు వెలువడే ఈ వాక్యానికి కర్త ఎవరో తేలలేదు. దీనిని అపౌరుషేయం, అనగా పురుషులెవరూ రచింపనిది అనవచ్చును. పలికేది ఎప్పుడూ పెద్దమ్మే కాబట్టి ఆ మాట ఇక్కడ అక్షరాలా చెల్లుతుంది. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కాళిదాస వ్యాఖ్యాత కొలాచల మల్లినాథసూరి పెట్టుకొన్న నియమంలో మొదటి సగాన్ని మాత్రమే ఈ టీక పాటిస్తుంది.

ప్రతిపదార్థం: మనోళ్ల = మనవారియొక్క; పెండ్లి ఫోటోలు = వివాహ చిత్రములు; అన్నీ = కళ్లు మూసుకొన్నవీ, తలలు తెగినవీ, విస్తరి ముందు నోరు తెరిచినవీ సహా ఒక్కటీ విడువక; యాడన్నా = ఏ స్థలముననైనను; ఊరికే = వెల లేకుండ; పెట్టి = ఉంచి; అందరికీ = బంధుమిత్రులకును, వారి బంధుమిత్రులకును; లింకు = ఆ చోటికి దారి చూపు మీట; పంపు = పంపుము; అబ్బీ = ఓ చిన్నవాడా.

విశేషాంశాలు: “యాడన్నా” అన్నచోట పెద్దమ్మకు స్థలం మీద పట్టింపు లేనట్టు తోస్తుంది గానీ, వాక్యంలో అసలు చిక్కు అక్కడే ఉంది. ఫోటోలు పెట్టుకొన్న చోట్లలో ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ వారి పికాసా 2016లో విరమించింది. 2004లో పుట్టిన ఫ్లికర్, 2013లో ఒక్కొక్కరికి ఒక టీబీ, అనగా వెయ్యి జీబీల చోటు ఉచితంగా ఇచ్చి, 2018లో స్మగ్‌మగ్ చేతికి పోయాక, ఉచిత ఖాతాకు వెయ్యి ఫోటోలే హద్దని ప్రకటించింది. కాబట్టి ఒక చోటును ఎంచేటప్పుడు లోపలికి పోయే దారి కన్నా బయటికి వచ్చే దారిని ముందు చూడాలని ఈ వ్యాఖ్య అభిప్రాయం. గూగుల్‌లో ఆ దారి పేరు టేకౌట్. దాచినదంతా మూటగట్టి తిరిగి ఇచ్చే సదుపాయమది.

నిలిచే చోటు మాటకొస్తే, ఇదే ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో, క్రీ.శ. 575 నాటిదని పండితులు చెప్పేదీ, తెలుగు శాసనాలలో మొదటిదిగా ఎన్నబడేదీ అయిన, ధనంజయుడనే రాజు శాసనం వెలసింది. అందులో చెప్పినది చెరిపినవారికి మహాపాతకం తప్పదని చివర శాపం ఉంది. నేటి సేవల నిబంధనలలో శాపం వాడుకరికే గాని యజమానికి లేదు. పైగా ఆ నిబంధనలను మార్చుకొనే అధికారం వారిదే. అయితే రాతిని పొగడి ఊరకుండరాదు. ఆ శాసనంలోనూ అక్షరాలు పోయాయి, పోయినవాటిని పూరించడానికి రెండో ప్రతి లేదు. కడపలో బంగళా కొని పండితులను పెట్టుకొన్న ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్, ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి పోల్పించినది ఈ బాధ పడలేకనే. పెండ్లి ఫోటోలకు కూడా ఇంట్లో ఒక హార్డ్‌డిస్కు ఉండవలసిందే. నాపబండల పాలిషు దుమ్మూ, ఏప్రిల్ ఎండా పడని బీరువాలో దానిని ఉంచి, ఏడాదికొకసారి తెరిచి చూసుకోవాలి.

“ఊరికే” అన్న పదానికి చరిత్ర ఉంది. 2015లో గూగుల్ ఫోటోస్ పుట్టినప్పుడు, చిత్రం నాణ్యతను కొంత తగ్గించుకొంటే లెక్కలేనన్ని ఉచితంగా దాచుకోవచ్చునన్నారు. 2021 జూన్ 1 నుంచి ఆ ఔదార్యం ఆగి, మెయిలు, డ్రైవు, ఫోటోలు మూడింటికీ కలిపి 15 జీబీలే మిగిలాయి. ఆపిల్ ఐక్లౌడ్‌లో ఉచితం 5 జీబీలు. మంచి కెమెరా ఫోటో ఒకటి పది ఎంబీలనుకొంటే, పదిహేను వందల ఫోటోలకే 15 జీబీలు నిండుతాయి. ఆ సంఖ్య తలంబ్రాలకు ముందే దాటుతుంది.

ఇక్కడ శంక: ఇంకొక జీమెయిల్ తెరిస్తే మరొక 15 జీబీలు రావా? సమాధానం: వస్తాయి, దాని పాస్‌వర్డు మాత్రం పోతుంది. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగించే నియమం 2023 డిసెంబరు నుంచి గూగుల్ అమలులో పెట్టింది గనుక, మరచిన ఖాతాతో పాటు మంగళసూత్ర ధారణ కూడా మాయం కావచ్చు. కాలేజీ ఇచ్చిన ఖాతాలో దాచడం మరీ కూడదు. చదువు ముగిశాక ఆ ఖాతా కాలేజీ దయ మీద ఉంటుంది. నెలనెలా కొంత చెల్లించే పథకం, పెండ్లి ఖర్చులో చందనం పాటి కూడా కాదు.

“పెట్టి” అన్నది క్త్వార్థకం. ఒక పని ముగిశాకే రెండో పని అని దాని అర్థం. సగం ఫోటోలు ఎక్కకముందే లింకు పంపేవారు వ్యాకరణాన్ని అతిక్రమించినవారు. పెట్టడం ముగిశాకా జాగ్రత్త కావాలి: గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కిన ఫోటోను అదే యాప్‌లో చెరిపితే ఫోనులోనూ, అక్కడా రెండుచోట్లా పోతుంది, చెత్తబుట్టలో అరవై రోజులే నిలుస్తుంది. ఫోనులో జాగా మాత్రమే కావలసినవారికి వేరే మీట ఉంది.

“అందరికీ” అన్నది ఉదారమైన పదం. హైదరాబాదు, బెంగళూరు, కువైటులలోని బంధువులకు లింకు మేలే. కానీ లింకు చేతిలో ఉన్న ఎవరికైనా ఆల్బం తెరుచుకొనేలా పెడితే, పిలవనివారూ పెండ్లిలోకి వస్తారు. కొంతకాలానికి ఆ పంపకాన్ని ఆపివేయడం మర్యాద. ఎవరూ, సేవను నడిపేవారు సైతం, చూడలేకుండా తాళం వేసే ఎన్టే వంటి సేవలున్నాయి. అక్కడ పాస్‌వర్డూ, పునరుద్ధరణ మాటల వరుసా రెండూ పోగొట్టుకొంటే తిరిగి తెరిపించేవారు ఉండరని తెలిసి చేరాలి.

తాత్పర్యం: ఓ చిన్నవాడా, ఫోటోలను ఏరి, ఇంట్లో ఒక ప్రతి ఉంచి, తిరిగి తెచ్చుకోగల చోట వెల ఇచ్చి మరొక ప్రతి పెట్టి, కావలసినవారికే దారి చూపుము.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో మూలం తర్వాత “లింకు ఓపెన్ కాల్యా, వాట్సాప్‌లోనే ఒగొగటి పంపబ్బీ” అనే వాక్యం కనబడుతుంది. వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి పంపుతుంది గనుక ఇది ప్రక్షిప్తం, అనగా తర్వాతివారు చొప్పించినది, అని త్రోసివేయాలని తోస్తుంది. అయితే పెద్దమ్మ ఉన్న ప్రతి గ్రూపులోనూ ఈ పాఠమే దొరుకుతున్నందున దీనిని కూడా మూలంలో చేర్చడమైనది.