ద్రవిడులకు మేలు గుర్రాలు లేవట!

మా రోజుల్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడాలంటే నెట్ సెంటర్‌కి పోవాల్సిందే. 1999లో వచ్చిన రెండో భాగం, మరుసటేడు దానికి అనుబంధంగా వచ్చిన కాంకరర్స్ అక్కడి కంప్యూటర్లన్నిట్లో ఎక్కించి ఉండేవి. వాటిలో మన దేశం ఊసే లేదు. ఏనుగులుంటాయి కదా అని పర్షియన్లను తీసుకునేవాళ్లం.

ఆ ఆటలో చరిత్ర తు.చ. తప్పకుండా ఉండేదని నేననను. అయిదో శతాబ్దపు హూణులు రాళ్లు రువ్వే ట్రెబుషే యంత్రాలతో కోటలు కూల్చేవారు. ఇనుము ఎరగని అజ్‌టెక్‌లు కొలిమి కట్టి ఇనుప పోత పోసేవారు. కానీ వాటి మీద మేం కొట్టుకునేవాళ్లం! ఓడినవాడు ఊరికే లేచిపోయేవాడు కాదు. ‘హూణులకి ట్రెబుషే ఎక్కడిదిరా?’ అని నిలదీసేవాడు. ఆట మెనూలోనే చరిత్ర పుటలుండేవి. అవి తెరిచి చదివేవాళ్లం, చాలకపోతే లైబ్రరీకి పోయేవాళ్లం. మాంజికర్ట్ యుద్ధం 1071లో జరిగిందని నాకు ఏ మాస్టారూ చెప్పలేదు, ఈ ఆటే చెప్పింది.

ఇప్పుడో? ఆటకి అన్నీ వచ్చాయి. 2013లో ‘ఇండియన్స్’ అని ఒకే ముద్ద చేసి పెట్టారు. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా తెచ్చి దాన్ని విడగొట్టారు: హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రవిడులు. మంచి పనే. రాజేంద్ర చోళుడి దండయాత్రలు నడిపించే భాగ్యం మాకు దక్కలేదు, వీళ్లకు దక్కింది. అయితే దక్షిణాదినంతా మళ్లీ ఒక్క గాటన కట్టేశారు. ద్రవిడ సైనికుడు పలికేది తమిళం, చేతిలో తిప్పేది కేరళ ఉరుమి కత్తి. కాకతీయులు, రెడ్డిరాజులు, విజయనగరం అందులోనే ఎక్కడో ఉన్నారనుకోవాలి.

మా మేనల్లుడు రోజూ ఆడతాడు. ఆటలో నైట్ అంటే కవచం తొడిగిన గుర్రపు రౌతు. ‘ద్రవిడులకి నైట్ ఎందుకు లేడురా?’ అని అడిగితే, ‘బ్యాలెన్స్ కోసం మామయ్యా, వాళ్లకి నేవీ స్ట్రాంగ్ కదా. విన్‌రేట్ చూడు!’ అంటూ ఫోన్ చూపించాడు. చరిత్ర పుటలు ఇప్పుడూ ఆటలో ఉన్నాయి. వాడొక్కసారీ తెరవలేదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఓడలిచ్చినందుకు నాకు అభ్యంతరం లేదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఓడ బద్దలైన వర్తకుడి సరుకు జోలికి రామని మాటిచ్చింది. ఊట్జ్ స్టీల్ అని ద్రవిడులకు పెట్టిన విద్య కూడా మనకు చెందిందే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. కానీ గుర్రం మాటేమిటి? ఈ ఆట 1598 నాటి నోర్యాంగ్ నౌకాయుద్ధం దాకా వస్తుంది. అంటే 1336 నుంచి 1565 తళ్లికోట యుద్ధం దాకా విజయనగర వైభవమంతా దీని హద్దులోదే. ఆ రాజ్యం నిలబడిందే గుర్రాల మీద! ఈ నేల మీద మేలుజాతి గుర్రం సరిగా పెరగదు కాబట్టి అరబ్బు దేశాల నుంచి ఓడల్లో తెప్పించి, బంగారం కుమ్మరించి కొన్నారు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్లిచ్చి, కొలువులో గౌరవించి దగ్గర చేసుకోమన్నాడు. లేకపోతే ఆ గుర్రాలు శత్రువు చేతికి పోతాయన్నాడు. కావ్యం రాస్తూ కూడా గుర్రాన్ని మరవని రాజు ఏలిన నేలకు నైట్ లాంటి రౌతు లేకుండా చేస్తే ఎలా?

బ్యాలెన్స్ అడ్డమొస్తుందంటే నేనొప్పుకోను. తెలుగువాళ్లనో, విజయనగరాన్నో విడిగా పెట్టండి. వాళ్ల స్టేబుల్‌లో నైట్ ఉండనక్కర్లేదు. రేవు కట్టాలి, బంగారం పోయాలి, అప్పుడు ఓడలో గుర్రాలు దిగాలి. దారిలో ఆ ఓడను శత్రువు పట్టుకుంటే గుర్రాలు వాడివి. ఇంతకంటే మంచి ఆట ఉంటుందా?