మజ్బూస్ తెరమీద, మనిషి వంటింట్లో

రంజాన్ నెలలో కువైట్‌లోని జహ్రా ఇళ్ళలో ఇఫ్తార్ అయిందంటే టీవీ ముందు కొలువే. కువైట్ హాస్య ధారావాహికల్లో పెద్ద పళ్లెం నిండా మజ్బూస్ అనే మాంసపు అన్నం వస్తుంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు ముద్ద మింగేలోపే ఆస్తి గొడవ లేస్తుంది, అన్నం అలాగే చల్లారుతుంది. (మన సీరియళ్ళలో మాత్రం తిని ఏడుస్తున్నారా? కంచం పెట్టగానే అత్తగారికి నిజం తెలిసిపోతుంది!)

1977 నాటి హాస్య ధారావాహిక ‘దర్బ్ అల్ జలఖ్’లో తల్లి వేషం వేసింది అబ్దుల్ అజీజ్ అల్ నిమిష్ అనే మగ నటుడు. అమ్మ పాత్రకు అంత కళ పోసిన పరిశ్రమకు, పనిమనిషి పాత్ర అనేసరికి వచ్చీరాని అరబ్బీ తప్ప మరేమీ తోచదు. ఆమె నోరు విప్పితే నవ్వాలి, అంతే.

ఇంతకీ ఆ ఇళ్ళలో మజ్బూస్ కోసం ఎండు నిమ్మకాయ లూమీకి చిల్లు పొడిచి మాంసంలో వేసి, ఎసరు చూసి బియ్యం పోసి, ఉల్లిపాయా కిస్‌మిస్సూ వేయించి పైన చల్లింది ఎవరట? చాలా ఇళ్ళలో కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వచ్చిన మన మనిషే. తెరమీద పేర్లు పడేవేళకు ఆమె గిన్నెలు తోముతూ ఉంటుంది. దర్శకులారా, కెమెరాను ఒక్కసారి వంటింటివైపు తిప్పండి. కథ బోలెడుంది.